రాస్తాల చాలిస్: భక్తి కోసమా, సాకా?

“రాస్తాఫారీలు గంజాయి తాగే చాలిస్ నిజంగా పూజావస్తువేనా, లేక తాగడానికి దేవుడి పేరు వాడుకుంటున్నారా?” అని అడిగారు. పూజావస్తువే. రాస్తాఫారీలు (రాస్తాలు) అంటే జమైకాలో పుట్టిన ఒక మతం వాళ్లు, ఇతియోపియా చక్రవర్తి హైలే సెలాసీని దేవుడిగా కొలుస్తారు. జమైకాలో, కింగ్‌స్టన్‌లో కొన్నేళ్లు ఉద్యోగం చేశాను, దగ్గరుండి చూశాను. నాకు సిగరెట్ అలవాటు కూడా లేదు కాబట్టి వాళ్ల తరఫున వకాల్తా పుచ్చుకున్నానని అనుకోకండి.

మా ఆఫీసులో ఒకతను సెయింట్ థామస్ వైపు ఉండే తన పెదనాన్న ఇంటికి తీసుకెళ్లాడు. పెరట్లో బెంచీల మీద ఏడెనిమిది మంది మగవాళ్లు. పెద్దాయన ముందు ఒక చెక్క పలక, చిన్న కత్తి. ఏళ్ల తరబడి తరిగి తరిగి పలక మధ్యలో గుంట పడిపోయింది. గంజాయిలోంచి గింజలూ పుల్లలూ ఏరి పక్కన పెట్టాడు, నాలుగు చుక్కల నీళ్లు చల్లాడు, మళ్లీ తరిగాడు. మా నాయనమ్మ గోంగూర కూడా అంత ఓపిగ్గా ఏరేది కాదు.

చాలిస్ అంటే పెద్ద సామానేం కాదు. ఎండు కొబ్బరి బుర్రలో కొంచెం నీళ్లు, పై చిల్లిలో కుచ్చి అనే మట్టి గిన్నె, పక్క చిల్లికి గొట్టం. ఆకు కిందికి జారిపోకుండా గిన్నె అడుగున ఒక చిన్న రాయి వేస్తారు. ఆ రాయిని పెద్దాయన విడిగా గుడ్డలో చుట్టి జేబులో దాచుకున్నాడు. కుచ్చి పగిలితే ఇంకోటి దొరుకుతుంది గానీ రాయి మారిస్తే ఊరుకోడట.

వెలిగించే ముందు అందరూ అల్లిక టోపీలు తీసేశారు. జడలు కట్టిన జుట్టు భుజాల మీదికి జారింది. 68వ కీర్తనలో ఇతియోపియా దేవుడి వైపు చేతులు చాస్తుందన్న మాట చెప్పుకున్నారు. తర్వాత గుడగుడమని చప్పుడు, పెద్దాయన తల కనపడనంత పొగ. గొట్టం చేతులు మారింది. నా దగ్గరికొచ్చినప్పుడు తల అడ్డంగా ఊపితే మారు మాట్లాడకుండా పక్కవాడికిచ్చారు. మన ఫంక్షన్లలో వద్దన్నా గ్లాసులో పోసేవాళ్లు ఈ ఒక్క మర్యాదైనా నేర్చుకుంటే బాగుండును. ఒక కుర్రాడు ఆగలేక జేబులోంచి స్ప్లిఫ్, అంటే కాగితంలో చుట్టిన గంజాయి, తీశాడు. “అది నడుస్తూ తాగేది. ఇక్కడ కూర్చున్నాం” అన్నాడు పెద్దాయన. కుర్రాడు మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత అందరూ కూర్చుని మాట్లాడుకోవడాన్ని ‘రీజనింగ్’ అంటారు. 1966లో హైలే సెలాసీ కింగ్‌స్టన్‌లో విమానం దిగిన రోజు దగ్గర మొదలుపెట్టి, కంద ధర మీదుగా, వెస్టిండీస్ బ్యాటింగ్ దాకా వచ్చారు. చక్రవర్తి తాను ఇతియోపియా ఆర్థడాక్స్ క్రైస్తవుడిగానే ఉన్నాడు, వీళ్లు ఆయన్నే దేవుడన్నారు. ఆ మాట నేను ఎత్తితే ఎవరికీ కోపం రాలేదు. నన్నడిగితే చాలిస్ అసలు పని మత్తెక్కించడం కాదు, పదిమందిని ఒకచోట కూర్చోబెట్టి వంతు కోసం ఆగేలా చేయడం. సాకు కావాల్సినవాడికి అరగంట తరగడం, కీర్తన, వంతు ఎందుకండీ? స్ప్లిఫ్ చాలు.

ఇక మన వాట్సాప్ పండితుల గురించి. “రాస్తా మతమంతా మన శివుడిదే” అని ఫార్వర్డులు. మనవాళ్ల పాత్ర ఉంది, కాదనను. 1845లో బ్లండెల్ అనే ఓడలో మొదటి భారతీయ కూలీలు జమైకాలోని ఓల్డ్ హార్బర్ బేలో దిగారు. 1917 దాకా దాదాపు 36 వేల మంది వెళ్లారు. ఎక్కువమంది భోజ్‌పురి ప్రాంతం వాళ్లు, మద్రాసు నుంచి ఎక్కినవాళ్లు తక్కువ. గంజాయి, చిలుం వాళ్లతోనే చేరాయి. తొలి రాస్తా గురువుల్లో ఒకరైన లియోనార్డ్ హోవెల్ ‘గంగుంగురు మరాగ్’ అని పేరు కూడా పెట్టుకున్నాడు. కానీ బైబిల్, ఆఫ్రికా, బానిసత్వపు గాయం, ఇవన్నీ వాళ్లవి. గొట్టం ఇచ్చినంత మాత్రాన మతం మనదైపోదు.

పైగా దానికోసం దెబ్బలు తిన్నది వాళ్లు. జమైకాలో గంజాయిని 1913లోనే నిషేధించారు. హోవెల్ స్థాపించిన పినకిల్ ఆశ్రమాన్ని 1954లో పోలీసులు ధ్వంసం చేశారు. 1963లో కోరల్ గార్డెన్స్ అనే చోట పోలీసులతో జరిగిన గొడవ తర్వాత రాస్తాలను పట్టుకుని కొట్టారు, జడలు కత్తిరించారు. దానికి ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2017లో. మధ్యలో 2015 చట్టంతో రెండు ఔన్సుల దాకా దగ్గర పెట్టుకోవడం నేరం కాకుండా పోయింది, రాస్తాలకు మతపరమైన వాడకానికి అనుమతి వచ్చింది. అప్పుడు మాత్రం లైసెన్సులు, ఫీజులు, కంచెలు అంటూ డబ్బున్నవాళ్లు దిగారు. కొండమీద రెండు చెక్కల నేల సాగు చేసుకునే ముసలాయన ఆ ఫారాలు ఎక్కడ నింపుతాడు?

అంతా బంగారమని కూడా అనను. ఆ పెరట్లో గొట్టం ఆడవాళ్ల దాకా రాలేదు. వాళ్లు వంటింటి వైపు ఉన్నారు. ఎందుకని అడిగితే “మా పద్ధతి” అన్నారు. ఆ జవాబు మన ఊళ్లో చాలాసార్లు విన్నాను, అక్కడా నచ్చలేదు. తర్వాత పెట్టిన ఐటల్ భోజనంలో (రాస్తాల నియమాల ప్రకారం వండే తిండి) ఉప్పు లేదు. కొబ్బరిపాలతో వండిన కూర, అద్భుతంగా ఉండాల్సింది. పచ్చడి సీసా వెంట తీసుకెళ్లనందుకు చాలా బాధపడ్డాను.