హెర్పిస్ అని తేలినంత మాత్రాన మీ ఆయన మోసం చేసినట్టు కాదు

పెళ్లయిన మూడేళ్లకి కింద నీటి పొక్కులొచ్చాయి, డాక్టరుగారు జెనైటల్ హెర్పిస్ (జననాంగాల దగ్గర పొక్కులు తెచ్చే వైరస్ జబ్బు) అన్నారు, అంటే మా ఆయన ఎక్కడో తిరిగొచ్చాడనేగా అని అడిగావు. ఈ జబ్బును బట్టి ఆ మాట ఎవరూ చెప్పలేరు చెల్లీ. నాకూ పెళ్లయ్యాకే బయటపడింది, అదే అనుమానంతో మా ఇంట్లో ఇద్దరం అన్నం ముట్టని రోజులున్నాయి, అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను.

ఈ వైరస్ ఒంట్లో చేరాక వెన్ను అడుగున నరాల మొదట్లో దాక్కుంటుంది. కొందరికి వారంలోపే పొక్కులొస్తాయి, కొందరికి ఏళ్ల తర్వాత, చాలామందికి అసలు తెలియనే తెలియదు, చెమట వల్ల ఒరుసుకుపోయిందనుకుని వదిలేస్తారు. పైకి ఏమీ కనబడనప్పుడు కూడా వాళ్ల నుంచి అంటుకుంటుంది. ఈ వైరస్‌లో రెండు రకాలున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 అంచనా ప్రకారం 15-49 ఏళ్ల వాళ్లలో దాదాపు 52 కోట్ల మందికి రెండో రకం, అంటే ఎక్కువగా కింద వచ్చేది, ఉంది. మొదటి రకం, అంటే పెదవి మీద పొక్కులు తెచ్చేది, యాభై ఏళ్ల లోపు వాళ్లలో 380 కోట్ల మందికి. అది ఎక్కువగా చిన్నతనంలోనే వస్తుంది, ఇంట్లోవాళ్ల ముద్దుల వల్ల కూడా. పెద్దయ్యాక నోటితో కలిసినప్పుడు కిందికీ అంటుకుంటుంది. మా ఆయనకి జ్వరం వచ్చినప్పుడల్లా పెదవి చివర పొక్కు లేవడం పెళ్లి నుంచీ చూస్తున్నదే, నా పుండు నుంచి తీసిన నమూనాతో చేసిన పీసీఆర్ పరీక్షలో (వైరస్‌ని, దాని రకాన్ని గుర్తించేది) తేలిందీ ఆ మొదటి రకమే.

నువ్వూ పొక్కులు పచ్చిగా ఉండగానే ఆ పరీక్ష చేయించుకో, ఏ రకమో తెలుస్తుంది. మొదటి రకమైతే కింద తిరగబెట్టడం తక్కువ. రక్తంలో ఐజీఎం (ఒక రకం యాంటీబాడీల) పరీక్ష రాస్తే దానికి డబ్బు తగలేయకు, ఎప్పుడు వచ్చిందో ఏ రక్తపరీక్షా చెప్పదు. హెచ్ఐవీ, సిఫిలిస్ పరీక్షలు మాత్రం ఇద్దరూ చేయించుకోండి.

విజయవాడలో తెలిసినవాళ్లు చూస్తారని మేం గుంటూరు కొత్తపేట వచ్చి చూపించుకున్నాం. నువ్వు గుంటూరులోనే ఉన్నావు కాబట్టి చర్మవ్యాధుల డాక్టర్లకు కొదవ లేదు, డబ్బు ఇబ్బందైతే ప్రభుత్వాసుపత్రుల్లో సుఖవ్యాధులకు చూసే సురక్ష క్లినిక్‌లున్నాయి, మందులు ఉచితం. లాడ్జీల్లో క్యాంపులు పెట్టి జబ్బుని వేళ్లతో సహా తీసేస్తామనేవాళ్ల దగ్గరికి దయచేసి వెళ్లకు, ఈ వైరస్‌ని ఒంట్లోంచి తీసేసే మందు ఇంతవరకూ లేదు. మెడికల్ షాపులో చెప్పి తెచ్చుకునే స్టెరాయిడ్ క్రీములూ వద్దు.

మొదటిసారే నరకం. నాకు గజ్జల్లో బిళ్లలు కట్టి, జ్వరమొచ్చి, మూత్రానికి వెళ్లాలంటే ఏడుపొచ్చేది. చెంబుతో నీళ్లు పోసుకుంటూ వెళ్తే మంట తగ్గుతుంది, వదులు నూలు బట్టలు వేసుకో. ఎసైక్లోవిర్ 400 మి.గ్రా. మాత్ర రోజుకి మూడుసార్లు, ఏడు నుంచి పది రోజులు ఇస్తారు, ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. తర్వాత వచ్చేవి చిన్నవి, ముందు రోజే ఆ చోట చిమచిమ అంటుంది, అప్పుడే మాత్ర మొదలుపెట్టాలి. పదే పదే వస్తుంటే రోజూ వేసుకునే మోతాదు అడుగు, భర్తకి అంటుకునే అవకాశం కూడా తగ్గుతుంది. పుండ్లున్నన్నాళ్లూ దూరంగా ఉండండి, మిగతా రోజుల్లో కండోమ్ వాడితే అంటుకునే ముప్పు తగ్గుతుంది, పూర్తిగా పోదు. బాత్రూమ్, సబ్బు, బట్టల వల్ల రాదు, అత్తగారింట్లో ఆ టెన్షన్ అక్కర్లేదు.

మీ ఆయన మీద అనుమానానికి వేరే కారణాలుంటే వాటి గురించే సూటిగా అడుగు, ఈ పొక్కుల్ని సాక్ష్యంగా పెట్టకు. డాక్టరు దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లండి, మా ఆయన మాట నేను నమ్మింది డాక్టరమ్మ ఇదంతా మా ఇద్దరికీ ఒకేసారి చెప్పాకే.

పిల్లల సంగతి కూడా అడిగావు. ముందు నుంచే ఉన్నవాళ్లకి బిడ్డకు సోకే ప్రమాదం చాలా తక్కువ, కడుపుతో ఉండగా చివరి నెలల్లో కొత్తగా అంటుకుంటేనే ఎక్కువ. డాక్టరుకి మొదటి చెకప్‌లోనే చెప్పెయ్. నాకు 36వ వారం నుంచి మాత్రలిచ్చారు, నొప్పులొచ్చినప్పుడు పుండ్లు లేవని చూసి నార్మల్ డెలివరీయే చేశారు. ఉంటే ఆపరేషన్ చేసేవాళ్లు.