మబ్బు కమ్మేలోపే: హెలికాప్టర్ నడపబోతున్న అల్లుడికి

చి. అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఈ వానాకాలం నుంచే చార్టర్ ఫ్లైట్లు మొదలుపెడుతున్నావని అక్కయ్య చెప్పింది. నీ చేతి ఒడుపు మీద నాకు అనుమానం లేదు. నేల చూసుకుంటూ పోతుండగా ఉన్నట్టుండి అద్దం బయట అంతా తెల్లబడిపోతే ఏం చెయ్యాలన్న ఒక్క సంగతే రాస్తున్నాను.

ముందు నీ చెవిని నమ్మడం మానుకో. సెకనుకు రెండు డిగ్రీల లోపు మెల్లగా ఒరిగితే, శరీరానికి తూకం చెప్పే లోపలి చెవికి తెలియనే తెలియదు. మలుపు ఇరవై సెకన్లు సాగిందంటే తిన్నగా పోతున్నట్టే ఉంటుంది. ఆ సమయంలో రేడియో నాబ్ కోసం తల వంచావా, హెలికాప్టర్ దొర్లిపోతున్నట్టు కళ్లు తిరుగుతాయి. 1954లో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో ఇన్‌స్ట్రుమెంట్ శిక్షణ (బయట చూడకుండా మీటర్లతోనే ఎగరేసే శిక్షణ) లేని 20 మంది పైలట్లను పరీక్షిస్తే, అదుపు తప్పడానికి సగటున 178 సెకన్లు పట్టింది. అవి విమానాలు, కాస్త వదిలేసినా తమంతట తాము సర్దుకుంటాయి. ఆటోపైలట్ లేని చిన్న హెలికాప్టర్‌లో సైక్లిక్ (ఒరుగును అదుపు చేసే కర్ర) వదిలితే ఆ భాగ్యం లేదు. అమెరికాలో హెలికాప్టర్ భద్రతా బృందం వాళ్లు చెప్పే లెక్క 56 సెకన్లే.

అందుకే నిర్ణయం మబ్బులో కాదు, నేల మీద తీసుకోవాలి. ఉష్ణోగ్రతకీ డ్యూ పాయింట్‌కీ (గాలిలో తేమ నీటి బిందువులుగా మారే ఉష్ణోగ్రత) తేడా ఎంతో చూడు. ఒక్కో డిగ్రీకి సుమారు 400 అడుగుల చొప్పున మబ్బు అడుగు ఎంత ఎత్తులో ఉంటుందో అంచనా వస్తుంది. తేడా రెండు మూడు డిగ్రీలకు దిగి, గాలి కూడా ఆగిపోయిందంటే పొగమంచుకు సిద్ధపడు. శీతాకాలం తెల్లవారుజామున గోదావరి మీద, లంబసింగి వైపు ఇదే జరుగుతుంది. తరవాత, తొడ మీది బోర్డులో దారి పొడవునా ఒక్కో సెక్టార్‌కి అత్యంత ఎత్తైన అడ్డంకి మీద 1,000 అడుగులు, కొండల్లో అయితే 2,000 కలిపి రాసుకో. మబ్బులో ఉండగా మ్యాప్ విప్పి వెతికే పని పెట్టుకోకు.

గాలిలో ఉండగా రెండు గీతలు పెట్టుకో. మామూలు క్రూజ్ వేగం కన్నా 30 నాట్లు తగ్గించాల్సి వచ్చిందంటే ఒకటి. పగలు 300 అడుగులకు, రాత్రి 500కి దిగాల్సి వచ్చిందంటే రెండోది. ఏ ఒక్కటి తగిలినా వెనక్కి తిరగడమో, దిగడమో. పొలంలో దిగినందుకు ఎవరూ చావరు. వెనక సీటు నాయకుడికి సభ ఆలస్యమవుతుందంటావా, కారు పంపిస్తారులే.

ఈ గీతలు ఎందుకంటే, చూపు తగ్గే కొద్దీ అందరూ ఒకే తప్పు చేస్తారు. వేగం తగ్గిస్తారు, కిందికి దిగుతారు, కాళ్ల దగ్గరి అద్దంలోంచి నేలను వెతుకుతారు. 40 నాట్ల లోపు వేగం చూపే మీటర్ నమ్మదగ్గది కాదు, పవర్ ఎక్కువ కావాలి, ముక్కు ఎటు పడితే అటు తిరుగుతుంది. అన్నిటికన్నా చెడ్డ స్థితిలో మబ్బులోకి దూరడమంటే అదే.

అయినా దూరావనుకో. "మబ్బులో ఉన్నాను" అని పైకి అను. ఈ ఒప్పుకోలు లేకనే చాలామంది ఇంకో పది సెకన్లు నేల కోసం చూస్తూ పోగొట్టుకుంటారు. కళ్లు యాటిట్యూడ్ ఇండికేటర్ (ఒరుగు, ముక్కు ఎత్తు చూపే మీటర్) మీదికి తే, ఒరుగు సున్నా చెయ్యి. క్లైంబ్ పవర్ పెట్టు. వేగం 60 నుంచి 80 నాట్ల మధ్య, నీ హెలికాప్టర్‌కి మాన్యువల్ చెప్పిన అంకె దగ్గర నిలుపు. ఎదురుగా కొండ ఉందని తెలిస్తే తప్ప హెడింగ్ (ముక్కు చూపే దిక్కు) కదపకు. తప్పదంటే సెకనుకు మూడు డిగ్రీల మలుపు చాలు. 60 నాట్ల దగ్గర దానికి పది డిగ్రీల లోపు ఒరుగే కావాలి, వెనక్కి తిరగడానికి నిమిషం పడుతుంది. రాసుకున్న ఎత్తు దాటాకే మైకు నొక్కు. ఏటీసీ (నేల మీది కంట్రోలర్లు) పలక్కపోతే రేడియోలో ఎమర్జెన్సీ ఫ్రీక్వెన్సీ 121.5, ట్రాన్స్‌పాండర్‌లో (రాడార్‌కి నీ గుర్తు పంపే పరికరం) ఎమర్జెన్సీ కోడ్ 7700. రాత్రయితే ల్యాండింగ్ లైటు ఆపు, మబ్బు మీద పడి కళ్లలోకే కొడుతుంది.

2020 జనవరి 26న అమెరికాలోని కాలాబాసాస్‌లో కూలిన, బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయంట్ ఎక్కిన ఎస్-76బి హెలికాప్టర్ పైలట్, 4,000 అడుగులకు ఎక్కుతున్నానని ఏటీసీకి చెప్పాడు. అప్పటికి అది ఎడమకి ఒరిగి దిగిపోతోంది. అతనికి ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (మీటర్లతోనే ఎగరేసే అర్హత) ఉంది. రేటింగ్ ఉండటం వేరు, ఆ క్షణంలో సూదులను నమ్మి ఎగరడం వేరు.

ఇద్దరు పైలట్లుంటే ఒకరికి ఎగరేయడం తప్ప వేరే పని ఉండకూడదు. 2009 సెప్టెంబర్ 2న నల్లమలలో కూలిన అప్పటి మన ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డి బెల్ 430 హెలికాప్టర్ దర్యాప్తు నివేదిక చదువు. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ సమస్య మీద సిబ్బంది ధ్యాస ఎలా చిక్కుకుపోయిందో అందులో ఉంది.

ఇక లోయల సంగతి. పైన చెప్పిన ఎక్కుడు అక్కడ పనికిరాదు. కేదార్‌నాథ్ గుడే సుమారు 11,700 అడుగుల మీద, వెనక శిఖరం 22,000 దాటి. మబ్బులో గుడ్డిగా ఎక్కి ఏ ఎత్తుకని పోతావు? అందుకే లోయలో మధ్యన పోకు. ఒక పక్క అంచుకి ఆనుకుని పో, తిరగాల్సి వస్తే మొత్తం వెడల్పు నీదవుతుంది. వచ్చిన దారి మూసుకుపోతోందేమో రెండు నిమిషాలకోసారి వెనక్కి చూడు. ముందున్న మలుపు అవతలి గోడ కనిపించకపోతే ఆ మలుపు తిరగనే వద్దు.

మరో చిన్న సంగతి, చాలామంది మరిచిపోయేది: వానలో తడిసిన ప్రయాణికులు ఎక్కితే అద్దం లోపలి నుంచే ఆవిరి పడుతుంది. డీఫాగ్ ఎక్కడానికి ముందే వెయ్యి.

నెలకోసారి హుడ్ (బయటి చూపును మూసే ముసుగు) పెట్టుకుని సాధన చెయ్యి, పక్కన సేఫ్టీ పైలట్ ఉండాలి. మామూలు క్రూజ్ నుంచి మొదలుపెట్టడం తేలికే. 50 నాట్లకు తగ్గి, దిగుతూ, సగం మలుపులో ఉండగా హుడ్ దించమను. అక్కణ్ణుంచి ఒరుగు సరిచేసి, పవర్ పెట్టి, వేగం అందుకుని ఎక్కడం మొదలవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో అతన్ని రాయమను. ఆ కాగితం నాకు పంపు.

మీ మామయ్య