ట్రాకింగ్‌లో డెలివర్డ్ అని ఉంది, కొన్నావిడ రాలేదంటోంది: రిఫండ్‌కీ తొందరపడకండి, గొడవకీ తొందరపడకండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. 2,850 రూపాయల చీర ఇన్‌స్టాలో అమ్మారు, కొరియర్‌లో పంపారు, నిన్న సాయంత్రం నుంచి ట్రాకింగ్‌లో డెలివర్డ్ అని చూపిస్తోంది, కొన్నావిడేమో నాకేమీ రాలేదు, ఈ రాత్రిలోగా డబ్బులు వెనక్కి ఇవ్వకపోతే మీ పేజీ గురించి అందరికీ చెప్తానంటోంది. ఇదే కదా సంగతి.

నేను మంగళగిరి చీరలు, డ్రెస్ మెటీరియల్ ఇంటి దగ్గర నుంచే వాట్సాప్‌లో, ఇన్‌స్టాలో అమ్ముతున్నాను, ఇది ఆరో ఏడు. "రాలేదండీ" అన్న మెసేజ్ చూడగానే కడుపులో తిప్పినట్టు అవడం నాకు బాగా తెలుసు. మొదట్లో రాత్రంతా నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు అంత టెన్షన్ లేదు, ఎందుకంటే నాకు వచ్చిన ఇలాంటి మెసేజ్‌లలో ఎక్కువ భాగం మోసం కాదు, పార్శిల్ పోవడమూ కాదు. పార్శిల్ ఎక్కడో ఒకచోట ఉంది, ఆవిడకి తెలియదు, అంతే.

నేను చేసిన తప్పు ముందు చెప్తాను. ఒక దసరాకి కూకట్‌పల్లి ఆవిడకి పట్టు చీర పంపాను, 3,200. డెలివర్డ్ అని వచ్చింది, సంతకం కూడా ఏదో గీత గీసి ఉంది. ఆవిడ రాలేదంది. నాకు అంతకు ముందు నెలే ఒకరు టోపీ పెట్టి ఉన్నారు (ఆ కథ కిందకి వస్తుంది), ఆ కోపంలో "సంతకం పెట్టి తీసుకుని రాలేదంటే ఎలా మేడమ్, మేం కూడా బతకాలి కదా" అని పంపించేశాను. మూడు రోజులకి పార్శిల్ దొరికింది. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పండక్కి ఊరెళ్తూ తన బావమరిదిని కూర్చోబెట్టి వెళ్లాడట, ఆ అబ్బాయి సంతకం చేసి తీసుకుని గదిలో మంచం కింద పెట్టి మర్చిపోయాడు. ఆవిడ పార్శిల్ ఫోటో పంపించి, మారుమాట లేకుండా నన్ను బ్లాక్ చేసింది. వాళ్ల ఆఫీసులో నలుగురు నా దగ్గర కొనేవాళ్లు, ఆ నలుగురూ మళ్లీ కనపడలేదు. చీర పోయినా అంత నష్టం ఉండేది కాదు నాకు.

అందుకని ఇప్పుడు నా మొదటి మెసేజ్ ఎప్పుడూ ఒకటే. "అయ్యో, కంగారు పడకండి, పార్శిల్ ఎక్కడుందో నేను కనుక్కుంటాను, మీ డబ్బు ఎక్కడికీ పోదు. ఈలోగా గేటు దగ్గర, పక్కింట్లో, ఇంట్లో మిగతావాళ్లని ఒకసారి అడుగుతారా" అంతే. "మీరు తీసుకున్నారని చూపిస్తోంది" అని మాత్రం రాయకండి, అది మీకు మామూలు మాటే అయినా అవతల వాళ్లకి దొంగ అన్నట్టు వినపడుతుంది. గేటెడ్ కమ్యూనిటీ అయితే సెక్యూరిటీ దగ్గర ఎంట్రీ రిజిస్టరో ఆప్‌లో నమోదో ఉంటుంది, ఆ రోజు ఆ టైముకి కొరియర్ అబ్బాయి లోపలికి వచ్చాడా లేదా అని చూడమనండి. వచ్చి ఉంటే వెతకాల్సింది వాళ్ల బిల్డింగ్‌లో, రాకపోతే మనం పట్టుకోవాల్సింది కొరియర్ వాళ్లని. ఈ ఒక్క విషయంతో సగం చిక్కు విడిపోతుంది.

ఇక టైము చూడండి. డెలివర్డ్ అని ఎన్ని గంటలకి పడింది? రాత్రి తొమ్మిది, పది అని ఉంటే నేను ఒకటి రెండు రోజులు ఆగుతాను. ఒక కొరియర్‌లో (పేరెందుకులెండి) నాకు ఇలా మూడు నాలుగుసార్లు జరిగింది, ఆ రోజు ఇవ్వలేకపోయినవి కూడా లెక్క తేలడానికి రాత్రి డెలివర్డ్ అని కొట్టేసి, మర్నాడో ఆ మర్నాడో తెచ్చి ఇచ్చేవాడు. తప్పే, కానీ చీర మాత్రం వచ్చేది.

ఈలోగా మీరు చేయాల్సిన పని: మీరు బుక్ చేసిన బ్రాంచిలో రాతపూర్వకంగా, అంటే మెయిల్‌లోనో ఆప్‌లోనో, పీవోడీ అడగండి. పీవోడీ అంటే సంతకం, ఫోటో, ఏ టైముకి ఇచ్చారు, కుదిరితే ఏ లొకేషన్‌లో ఇచ్చారు అన్నది. ఫోన్‌లో అడిగితే "అయిపోయింది మేడమ్, ఇచ్చేశాం" అంటారు, ఆ మాట దేనికీ పనికిరాదు. కంప్లైంట్ నంబర్ తీసుకుని దాన్ని కొన్నావిడకి స్క్రీన్‌షాట్ పంపండి. మనం నిజంగా తిరుగుతున్నామని కనపడితే చాలామంది చల్లబడతారు, పేజీ గురించి రాస్తాననే బెదిరింపులు అక్కడితో ఆగుతాయి.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, చాలామంది అమ్మేవాళ్లకి ఇది నచ్చదు. "నేను పంపేశాను, ఇక మీరూ కొరియరూ చూసుకోండి" అనడం కుదరదు. ఆవిడ డబ్బు కట్టింది మనకి, కొరియర్‌కి కాదు. కొరియర్‌ని ఎంచుకున్నదీ మనమే. ఆవిడ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే జవాబు చెప్పుకోవాల్సింది కూడా మనమే. కాబట్టి నేను పెట్టుకున్న గడువు వారం. వారంలో కొరియర్ వాళ్లు సరైన పీవోడీ చూపించలేకపోతే ఇంకో చీరో, డబ్బో ఇచ్చేస్తాను, కొరియర్‌తో తగువు నేను తర్వాత పడతాను. దానికోసం ప్రతి పార్శిల్‌కీ ఇరవై రూపాయలు పోపు డబ్బాలో వేసినట్టు పక్కన పెడుతుంటాను. పోయిన ఏడాది మొత్తంలో అందులోంచి తీయాల్సి వచ్చింది రెండుసార్లే. ఖరీదైన చీరైతే ఇన్సూరెన్స్ చేయించండి, ఎందుకంటే మామూలుగా వచ్చే పరిహారం చాలా తక్కువ. ఉదాహరణకి స్పీడ్ పోస్టు నిబంధన ఎన్నో ఏళ్లుగా ఉన్నది ఏంటంటే కట్టిన చార్జీకి రెట్టింపు లేదా 1,000 రూపాయలు, రెండిట్లో ఏది తక్కువైతే అది. చీర ధరతో దానికి సంబంధం లేదు.

సరే, టోపీ కథ. అప్పుడు నేను కొత్త, ఒకావిడ రాలేదని ఏడుపు గొంతుతో వాయిస్ మెసేజ్ పెట్టగానే పది నిమిషాల్లో 1,900 ఫోన్‌పే చేసేశాను, కొరియర్‌ని అడగను కూడా లేదు. తర్వాత కొన్నాళ్లకి చీరాలలో నాలాగే అమ్మే ఒక అక్కతో మాట్లాడుతుంటే ఆమె కూడా ఒక "రాలేదు" కథ చెప్పింది. ఫోన్ నంబర్ చివరి నాలుగంకెలు చదివితే నా నోటుబుక్‌లో ఉన్నదే! పేరు వేరు, ఊరు వేరు, నంబర్ అదే, ఏడుపు కూడా అదే. అంటే నిజమైన మోసాలు ఉన్నాయి, లేవని చెప్పను. కానీ మోసం చేసేవాళ్లని వెతకమంటే వెతకరు, గేటు దగ్గర అడగమంటే అడగరు, కంప్లైంట్ పెట్టానంటే సంతోషించరు, వాళ్లకి కావలసింది ఇప్పుడే రిఫండ్. నిజంగా చీర కోసం ఎదురుచూస్తున్న మనిషి ముందు చీర అడుగుతుంది, డబ్బు తర్వాత అడుగుతుంది. నేను గమనించిన తేడా ఇది, ప్రతిసారీ నిజమవ్వాలని లేదనుకోండి.

ఇకముందు పంపేవాటికి ఓటీపీ డెలివరీ పెట్టుకోండి. స్పీడ్ పోస్టులో 2025 అక్టోబర్ 1 నుంచి ఇది వచ్చింది, ఒక్కో పార్శిల్‌కి 5 రూపాయలు, జీఎస్‌టీ అదనం. అందుకునే మనిషి ఫోన్‌కి వచ్చిన నంబర్ చెబితేనే బట్వాడా. అంత తక్కువకి అంత నిద్ర ఇంకెక్కడా దొరకదు. అడ్రస్‌లో ఫోన్ నంబర్ తప్పు లేకుండా రాయాలి, లేకపోతే ఓటీపీ ఎవరికో పోతుంది. కొన్ని కొరియర్లలోనూ ఈ సదుపాయం ఉంది, బుక్ చేసేటప్పుడు మనమే అడగాలి.

ఇంకో అలవాటు, ప్యాకింగ్ వీడియో. చీర, లోపల బిల్లు, కవర్ అంటించడం, పైన అడ్రస్, చివర్లో కాటా మీద బరువు, అన్నీ ఆపకుండా ఒకే వీడియోలో రావాలి. ముక్కలు ముక్కలుగా తీస్తే "తర్వాత మార్చారు" అంటారు. బుకింగ్ రసీదు మీద కూడా బరువు ఉంటుంది, ఖాళీ కవర్ వచ్చిందనే వాళ్లకి అదే జవాబు. ఆ రసీదుని ఆ రోజే ఫోటో తీసి పెట్టుకోండి, ఆ కాగితం మీద అక్షరాలు కొన్ని నెలల్లో వెలిసిపోతాయి, మా ఆయన ఫైల్ చేసి దాచిన ఏడాది పాత రసీదులన్నీ ఇప్పుడు తెల్ల కాగితాలే.

పేమెంట్ గేట్‌వే ద్వారా కార్డుతో కట్టించుకున్నారా? అయితే ఒక్కటి జాగ్రత్త, ఆవిడ బ్యాంకుకి వెళ్లి చార్జ్‌బ్యాక్ పెట్టొచ్చు, అంటే కార్డుతో కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించమని అడగొచ్చు. గేట్‌వే నుంచి ఆధారాలు పంపమని మెయిల్ వస్తుంది, గడువు కొద్ది రోజులే, చూసుకోకపోతే మన చేతిలో అన్ని రుజువులున్నా ఓడిపోయినట్టే. ఆ మధ్యలో మీరు విడిగా యూపీఐలో రిఫండ్ కూడా ఇస్తే డబ్బు రెండుసార్లు పోతుంది. ఇచ్చేదేదైనా వచ్చిన దారిలోనే, గేట్‌వే నుంచే వెనక్కి ఇవ్వండి.

మీ సంగతికి వస్తే, ఈ రాత్రి రిఫండ్ ఇవ్వకండి. పైన చెప్పిన మెసేజ్ పెట్టండి, పీవోడీ కోసం మెయిల్ కొట్టండి, "వారంలోగా చీరో డబ్బో మీ చేతికి వస్తుంది" అని తేదీ వేసి రాసివ్వండి. రేపు పొద్దున ఆవిడ ఏరియా బ్రాంచికి ఫోన్ చేయండి, కానీ డెలివరీ అబ్బాయిలు బండ్లకి సంచులు కట్టుకుని బయలుదేరక ముందే చేయాలి. ఒకసారి రోడ్డెక్కారంటే సాయంత్రం దాకా ఎవరూ ఎత్తరు.