దేహదానం సరే, ముందు ఆ కాలి పుండు చూపించుకోండి

ప్రశ్న: నాకు 68 ఏళ్లు. పదిహేనేళ్లుగా షుగర్ ఉంది. మరణానంతరం నా శరీరాన్ని వైద్య పరిశోధనకు ఇవ్వాలని ఉంది. షుగర్ ఉన్నవారి దేహాన్ని తీసుకుంటారా? రెండు నెలలుగా కుడికాలి బొటనవేలి కింద పుండు మానడం లేదు. నొప్పి లేదు కాబట్టి మందుల షాపులో ఇచ్చిన మాత్రలే వాడుతున్నాను.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ సంకల్పానికి నమస్కారం. అయితే మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది 'నొప్పి లేదు' అన్న మాట. షుగర్ ఏళ్ల తరబడి ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గిపోతుంది కనుక, ఇన్ఫెక్షన్ ఎముక దాకా పాకినా నొప్పి తెలియకపోవచ్చు. పుండును చూడకుండా నేను ఏదీ నిర్ధారించలేను గానీ, ఎక్స్‌రే, కాలి రక్తప్రసరణ తెలిపే డాప్లర్, చీములో ఏ క్రిమి ఉందో తెలిపే కల్చర్, మూడు నెలల సగటు షుగర్ తెలిపే హెచ్‌బీఏ1సీ, కిడ్నీ పరీక్షలు అవసరం కావచ్చు. కల్చర్ చేయకుండా తోచిన యాంటీబయోటిక్ వాడితే పుండు మానకపోవచ్చు, క్రిములు ఆ మందుకు లొంగకుండా తయారు కావచ్చు. చదువుకున్నవారు, పదిమందికి మేలు చేయాలనుకునేవారు, రెండు నెలలు ఇలా గడపడం నాకు బాధ కలిగించింది. వేలు నల్లబడినా, దుర్వాసన వచ్చినా, జ్వరం తగిలినా ఒక్క రోజు కూడా ఆగవద్దు.

ఇక మీరు అడిగినది. షుగర్ ఒక్కటే ఉన్నంత మాత్రాన సాధారణంగా దేహాన్ని తిరస్కరించరు. హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి వంటి వ్యాధులున్నా, ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి మరణించినా, పోస్ట్‌మార్టం జరిగినా తీసుకోకపోవచ్చు. అంతిమ నిర్ణయం మెడికల్ కాలేజీలో శరీర నిర్మాణాన్ని బోధించే అనాటమీ విభాగానిది. గుంటూరు మెడికల్ కాలేజీలోగాని, విజయవాడ సిద్ధార్థ మెడికల్ కాలేజీలోగాని ఆ విభాగాన్ని సంప్రదించి అంగీకారపత్రం గురించి తెలుసుకోండి. దేహదానం వేరు, అవయవదానం వేరు. గుండె, కాలేయం వంటివి ఎక్కువగా బ్రెయిన్ డెత్ (మెదడు తిరిగి కోలుకోలేని విధంగా పూర్తిగా ఆగిపోవడం) నిర్ధారణ అయినవారి నుంచి, 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం స్వీకరిస్తారు. ఆ అవయవాలు తీశాక దేహాన్ని బోధనకు సాధారణంగా తీసుకోరు. కళ్లు మాత్రం ఇవ్వవచ్చు, కానీ మరణించిన ఆరు గంటల్లోపు సేకరించాలి. మెదడు పరిశోధనకైతే బెంగళూరులోని మానసిక, నాడీ వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో బ్రెయిన్ బ్యాంక్ ఉంది. అక్కడికీ ఆలస్యం పనికిరాదు.

మీరు సంతకం చేసినా, ఆ సమయంలో కుటుంబసభ్యులు ఒప్పుకోకపోతే అంతా ఆగిపోతుంది. పిల్లలు విదేశాల్లో ఉంటే, వారు వచ్చేవరకు దేహాన్ని ఫ్రీజర్ పెట్టెలో ఉంచాలని బంధువులు పట్టుబట్టడం మనవైపు మామూలే. అందుకే ఇప్పుడే వారితో మాట్లాడండి.

అంతకంటే ముందు, పుండును శుభ్రమైన గాజుగుడ్డతో కప్పి, ఇంతవరకు వాడిన మాత్రల స్ట్రిప్పులన్నీ వెంట తీసుకుని, రేపు ఉదయమే సర్జన్‌ను కలవండి.