పడిపోతున్న నారుకు పురుగు మందు ఎందుకు?

ప్రశ్న: పెరటి తోట కోసం మూడు వారాల కిందట టమాట, వంగ, మిరప విత్తనాలు ట్రేలలో వేశాను. బాగానే మొలిచాయి కానీ వారం తిరక్కుండానే మొదలు దగ్గర నొక్కుకుపోయి పక్కకు వాలిపోతున్నాయి. మడిలో నేరుగా పెట్టిన సొర, బీర గింజల్లో సగం కూడా మొలవలేదు. వేరుపురుగు అనుకుని దుకాణంలో అడిగితే ఇమిడాక్లోప్రిడ్, ఒక వేరు టానిక్ ఇచ్చారు. మూడుసార్లు కొట్టినా ఆగలేదు. విత్తనం మంచిది కాదేమో చెప్పగలరు. నీళ్లు మాత్రం రెండు పూటలా పోస్తున్నాను.

జవాబు: వేరుపురుగు కాదు. విత్తనంలో లోపమే ఉంటే ట్రేలో అంత బాగా మొలిచేది కాదు. మీరు చెప్పినది నారుకుళ్లు తెగులు. దానికి దారి వేసింది రెండు పూటల నీళ్లు. మట్టిలో ఉండే శిలీంధ్రాలు తడి ఆరని చోట లేత కాండాన్ని నేల మట్టం దగ్గర కుళ్లబెడతాయి. ఒత్తుగా చల్లడం, మాగని పశువుల ఎరువు కలపడం, పాత కుండీ మట్టినే మళ్లీ వాడటం దీనికి తోడవుతాయి.

వాలిన మొక్క లేవదు. చుట్టూ ఉన్న మట్టితో సహా తీసి తోటకు దూరంగా పారేయండి. సగానికి పైగా పోయిన ట్రేను కాపాడే ప్రయత్నం వద్దు, మళ్లీ విత్తుకోండి. మిగిలిన ట్రేలకు నీళ్లు ఆపి, పై మట్టి ఆరాక కాపర్ ఆక్సీక్లోరైడ్ (శిలీంధ్రాన్ని చంపే రాగి మందు) లీటరుకు 3 గ్రా. కలిపి మొదళ్లు తడిసేలా పోయండి. 53 x 27 సెం.మీ. ట్రేకు అర లీటరు చాలు. తెగులు ఇంకా కనిపిస్తే వారం తర్వాత మరొక్కసారి. అంతే, మూడోసారి లేదు.

ఇమిడాక్లోప్రిడ్ రసం పీల్చే పురుగుల మందు. శిలీంధ్రాన్ని అది ఏమీ చేయదు. పైగా మొక్క లోపలికి పాకి పూల దాకా చేరగలదు. సొర, బీర పిందె పడాలంటే కీటకాలు రావాలి. వాటిని చంపుకుని, రేపు పిందె నిలవడం లేదని మళ్లీ అదే దుకాణానికి వెళతారు. టానిక్ గురించి చెప్పడానికేమీ లేదు, కుళ్లిన వేరుకు బలం మందు పనిచేయదు. దుకాణానికి వెళ్లేటప్పుడు వేరుతో పీకిన మొక్కను తీసుకెళ్లండి. ఇచ్చిన మందు ఏ పంటకు, ఏ సమస్యకు అని లేబుల్ మీద చదివాకే డబ్బివ్వండి. మూడుసార్లు కొట్టినా తగ్గలేదంటే నాలుగోసారి కొట్టాలని కాదు, మందే తప్పని.

మళ్లీ విత్తేటప్పుడు కడిగిన కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు సమపాళ్లలో కలపండి. పాత ట్రేలను సబ్బు నీళ్లతో తోమి ఎండబెట్టాలి. టమాట, వంగ, మిరప గింజలు అర సెం.మీ. నుంచి 1 సెం.మీ. లోతు, గుంటకు ఒకటే. రంగు పూసిన విత్తనానికి మందు పట్టించే ఉంటుంది, మళ్లీ పట్టించవద్దు. పై మట్టిని వేలితో తాకి చూసి, ఆరితేనే ఉదయం పూట నీళ్లివ్వండి. ట్రేను నీళ్లున్న పళ్లెంలో 15-20 నిమిషాలు ఉంచి తీస్తే ఇంకా మంచిది, కాండం తడవదు. మొలక కనిపించిన రోజు నుంచే వెలుతురు కావాలి, నీడలో ఉంచితే సన్నగా సాగి అదే వాలిపోతుంది. మిరప మొలవడానికి రెండు వారాలు పట్టవచ్చు, తొందరపడి తవ్వకండి.

సొర, బీర గింజలను మాత్రం తవ్వి చూడండి. లోపల మెత్తగా కుళ్లి ఉంటే చలి, తడి. గట్టిగా ఉంటే తేమ అందలేదు, లేదా లోతు ఎక్కువైంది. గింజే లేకపోతే ఎలుకో చీమో. రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీల లోపు ఉన్నంతకాలం తీగజాతి గింజలు మడిలో పెట్టకండి. తర్వాత 12 గంటలు నానబెట్టి, 2 సెం.మీ. లోతులో పాదుకు మూడేసి పెట్టి, నాలుగాకులు వచ్చాక బలమైనదాన్ని ఉంచి మిగతావి కత్తిరించండి. పీకితే పక్కదాని వేరు కదులుతుంది. చిక్కుడు గింజలను నానబెట్టవద్దు, పగులుతాయి. పందిరి గుంజలు విత్తనానికి ముందే పాతాలి.

మడిని తడి మీద తవ్వకండి. పిడికెడు మట్టి నొక్కి వదిలితే ముద్ద పొడిపొడిగా విడిపోవాలి, ముద్దగానే ఉంటే రెండు రోజులు ఆగండి. మడికి 9 కిలోల మాగిన ఎరువు, కిలో వేపపిండి, 200 గ్రా. ట్రైకోడెర్మా (తెగులు శిలీంధ్రాలను అణిచే మంచి శిలీంధ్రం) కలిపి, తేమ చల్లి, గోనె కప్పి నీడలో రెండు వారాలు ఉంచి వేయండి. రాగి మందు పోసిన చోట మాత్రం 15 రోజుల దాకా దీన్ని వేయకూడదు, మంచి శిలీంధ్రం కూడా చస్తుంది. టమాట 25-30 రోజులకు, వంగ 30-35, మిరప 35-40 రోజులకు నాటుకోవచ్చు. నాటేముందు వారం రోజులు ట్రేలను ఆరుబయట ఉంచి నీళ్లు తగ్గించండి.