సిల్క్ రోడ్డు మీద చైనా నుంచి రోమ్ దాకా వ్యాపారులు వెళ్లేవారా?

లేదండీ. సరుకు వెళ్లేది, మనిషి కాదు. మాది హిందూపురం దగ్గర పల్లె, ఇంట్లో పట్టుపురుగులు పెంచేవాళ్లం. పట్టుగూళ్లు, అదే కాయలు, మార్కెట్లో పోసిన రైతు ధర్మవరం మగ్గం దాకా వెళ్తాడా? దారం తీసే రీలరు, పురి పెట్టే ట్విస్టింగ్ వాళ్లు, షావుకారు, ఇలా చేతులు మారుతుంది, మారిన ప్రతిచోటా రేటు పెరుగుతుంది, పెరగనిది రైతుకిచ్చేదొక్కటే. అక్కడా అదే లెక్క.

మా తమ్ముడి కొడుకు ఉజ్బెకిస్తాన్‌లోని సమర్కండ్‌లో ఎంబీబీఎస్ చదువుతుంటే చూడ్డానికి వెళ్లాం. గైడు మమ్మల్ని అక్కడి పెద్ద కూడలి రెగిస్తాన్‌లోనే ఒక పూటంతా నిలబెట్టాడు. ఫోటోలకు బాగుంటుంది, కాదనను, కానీ ఆ మూడు మదరసాల్లో రెండు 17వ శతాబ్దంలో కట్టినవి, అప్పటికి సముద్రం మీద ఓడలు జోరుగా తిరుగుతున్నాయి. దాని ముందు సెల్ఫీ దిగి 'సిల్క్ రోడ్డు చూశాం' అని స్టేటస్ పెట్టేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. పాత సమర్కండ్ ఉన్న దిబ్బ, అఫ్రాసియాబ్, అక్కడి మ్యూజియం అంటే 'పాత గోడలు సార్, ఏముంటుంది' అన్నాడు. పట్టుబట్టి వెళ్లాం.

1965లో ఆ దిబ్బ మీద రోడ్డు వేయబోతే బయటపడ్డ హాలు అది. 7వ శతాబ్దపు బొమ్మలు, అక్కడక్కడా పెచ్చులూడాయి, నీలం రంగు మాత్రం ఇంకా నిలిచుంది. రాజు దగ్గరికి దేశదేశాల రాయబారులు వస్తున్నారు. చైనా వాళ్ల చేతుల్లో పట్టు, దారానికి గుచ్చిన కాయలు. ముందు గుర్తుపట్టింది మా ఆవిడే, 'ఏమండీ, పట్టుకాయలు!' అని గట్టిగా అరిచింది. పెళ్లయిన కొత్తలో పురుగులు గూళ్లు కట్టే చంద్రికల మీంచి కాయలు విడిపించిన మనిషి మరి. గైడేమో వాటిని పూసలనుకుంటున్నాడు ఇన్నాళ్లూ.

అప్పటి సమర్కండ్ వాళ్లే సొగ్డియన్లు, ఈ దారి మధ్యవర్తులు. పిల్లాడు పుడితే మాట తియ్యగా ఉండాలని నోట్లో చక్కెర, డబ్బు అంటుకోవాలని అరచేతికి జిగురు పెడతారని చైనా వాళ్లు రాసుకున్నారు. కుళ్లుబోతుతనం కొంచెం కలిసి ఉంటుంది లెండి.

వాళ్లూ అందరూ సుఖపడలేదు. 1907లో పడమటి చైనాలోని దున్‌హువాంగ్ దగ్గర పాడుబడ్డ కావలి బురుజులో పురావస్తు పరిశోధకుడు ఆరెల్ స్టైన్‌కి సొగ్డియన్ ఉత్తరాల కట్ట దొరికింది, 4వ శతాబ్దం మొదట్లోవి. ఒకటి మీవ్నాయ్ అనే ఆవిడ మొగుడికి రాసింది. నీ మాట విని ఇక్కడికొచ్చి మూడేళ్లుగా ఇరుక్కుపోయాను, నీకు పెళ్లాంగా ఉండేకంటే కుక్కకో పందికో పెళ్లాంగా ఉండటం నయం అని దులిపేసింది. ఈ దారి గురించి ఇంత నిజం చెప్పినవాళ్లను నేను వేరే చూడలేదు.