కమ్యూనిటీ కాలేజీలో ఏ వర్గం విద్యార్థులు ఎలా చదువుతున్నారో లెక్కగట్టేముందు, లెక్కలో ఎవరున్నారో చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: కాలిఫోర్నియాలో ఒక కమ్యూనిటీ కాలేజీ (రెండేళ్ల డిగ్రీలిచ్చే ప్రభుత్వ కాలేజీ) రీసెర్చ్ ఆఫీసులో కొత్తగా చేరారు. స్టూడెంట్ సక్సెస్‌ని జాతి, లింగం, ఆదాయం వారీగా చూపిస్తూ రిపోర్ట్ చెయ్యమన్నారు. ఏ కొలత తీసుకోవాలి, ఏషియన్ విద్యార్థులు ఎలాగూ బాగానే ఉన్నారు కాబట్టి వాళ్లని పక్కన పెట్టెయ్యొచ్చా అని అడుగుతున్నారు.

నేను ఈ రాష్ట్రంలోనే ఇలాంటి ఆఫీసులో ఏళ్ల తరబడి ఇదే పని చేస్తున్నాను. నేను చెప్పేది ఒకటే. శాతం కట్టేముందు హారంలో ఎవరున్నారో, ఎవరు లేరో చూడండి. మనం వెతుకుతున్న తేడాలు చాలావరకు అక్కడే మరుగున పడి ఉంటాయి.

ముందు గ్రాడ్యుయేషన్ రేటు సంగతి. ఫెడరల్ ప్రభుత్వానికి పంపే ఐపెడ్స్ లెక్కలో పాతకాలం నుంచి ఉన్న రేటు, మొదటిసారి కాలేజీలో చేరి ఫుల్ టైమ్ చదివేవాళ్లది మాత్రమే. రెండేళ్ల డిగ్రీకి మూడేళ్లు గడువు ఇస్తారు. కానీ కమ్యూనిటీ కాలేజీల్లో సగానికి పైగా పార్ట్ టైమ్ వాళ్లే కదా! పగలు గోడౌన్‌లో పని చేసి రాత్రి క్లాసుకు వచ్చే మనిషి ఆ రేటులో ఎక్కడా లేడు. ఇక్కడ రెండేళ్లు చదివి, అసోసియేట్ డిగ్రీ (ఆ రెండేళ్ల డిగ్రీ) తీసుకోకుండానే యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అయిన పిల్ల కూడా గ్రాడ్యుయేట్ల లెక్కలోకి రాదు, ట్రాన్స్‌ఫర్ రేటు వేరే కాలమ్‌లో ఉంటుంది. పార్ట్ టైమ్ వాళ్లని కూడా కలుపుకుని ఎనిమిదేళ్ల దాకా చూసే అవుట్‌కమ్ మెజర్స్ తర్వాత వచ్చాయి. మీ రిపోర్టులో రెండూ పక్కపక్కన పెట్టండి.

ఇంతకంటే ముఖ్యమైనది సెన్సస్ డే, అంటే క్లాసులో ఎంతమంది ఉన్నారో అధికారికంగా లెక్కగట్టే రోజు. కోర్సు సక్సెస్ రేటు అంటే ఏ, బీ, సీ, పాస్ తెచ్చుకున్నవాళ్లని గ్రేడ్ వచ్చిన మొత్తం మందితో భాగించడం. సెన్సస్ డే తర్వాత కోర్సు వదిలేసి డబ్ల్యూ తెచ్చుకున్నవాళ్లు హారంలో ఉంటారు, మంచిదే. కానీ సెమిస్టర్‌లో దాదాపు 20 శాతం గడిచాక వచ్చే సెన్సస్ డేకి ముందే క్లాసు మానేసినవాళ్లు ఎక్కడా కనబడరు. మా దగ్గర ఒక సాయంత్రం స్టాటిస్టిక్స్ క్లాసు ఉండేది. సక్సెస్ రేటు చూడముచ్చటగా ఉంది, వర్గాల మధ్య తేడా లేదన్నంత తక్కువ. మొదటి రోజు రోల్ తీసి సెన్సస్ రోజు రోల్ పక్కన పెడితే అసలు విషయం బయటపడింది. మధ్యలో వెళ్లిపోయినవాళ్లలో ఎక్కువమంది నల్లజాతి విద్యార్థులు, ఉద్యోగం చేసుకుంటూ ఒక్క కోర్సు కోసం వచ్చినవాళ్లు. కౌన్సెలర్లు ఫోన్ చేసి అడిగితే ఒకరికి షిఫ్ట్ మారింది, ఒకరి దగ్గర ఆన్‌లైన్ హోంవర్క్ కోడ్ కొనడానికి డబ్బు లేదు, ఇంకొకరి పేరు ఫీజు బాకీ ఉందని సిస్టమే తీసేసింది. లెక్కలు రాక వెళ్లిపోయామన్నవాళ్లు వాళ్లలో లేరు. ఫీజు బాకీకి పేరు తీసెయ్యడమనే పద్ధతి కాలేజీ పెట్టుకున్నది, కాలేజీయే మార్చుకోగలదు. అందుకే మొదటి రోజు రోల్ ప్రతి సెమిస్టర్ దాచిపెట్టమని మీ ఐటీ వాళ్లని ఇప్పుడే అడగండి. తర్వాత అడిగితే దొరకదు.

ఇక ఏషియన్ విద్యార్థుల విషయం. దయచేసి పక్కన పెట్టకండి. లావోస్, కంబోడియా నుంచి శరణార్థులుగా వచ్చిన కుటుంబాల పిల్లల్ని, సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల పిల్లల్ని ఒకే గాటన కట్టేస్తే వచ్చే సగటు ఎవరి గురించీ నిజం చెప్పదు. ఇక్కడి అప్లికేషన్‌లో ఏషియన్ ఇండియన్, చైనీస్, వియత్నమీస్, కంబోడియన్, లావోషియన్ అని విడివిడిగానే అడుగుతారు. డేటా మీ దగ్గరే ఉంటుంది, విడదీసి చూడడమే తక్కువ.

మనవాళ్ల సంగతి ఇంకా చిత్రం. వీసా మీద ఉన్నవాళ్లని ఐపెడ్స్ జాతితో సంబంధం లేకుండా నాన్‌రెసిడెంట్ అనే వేరే గడిలో వేస్తుంది. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చిన గుంటూరు అబ్బాయి, హెచ్-4 మీద (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) ఉండి రాత్రిపూట అకౌంటింగ్ చదివే కరీంనగర్ అమ్మాయి, ఇద్దరూ అక్కడికే పోతారు. హెచ్-4 మీద ఉన్నవాళ్లకి ఫెడరల్ ఆర్థిక సహాయం రాదు. చాలా కాలేజీలు పెల్ గ్రాంట్ (ఆదాయం తక్కువున్నవాళ్లకి ఫెడరల్ ప్రభుత్వమిచ్చే సహాయం) వస్తే తక్కువ ఆదాయం, రాకపోతే కాదు అని లెక్కేస్తాయి. అప్పుడు ఇంట్లో ఒక్క జీతంతో నడిచే కుటుంబం కూడా ఉన్నవాళ్ల కిందే పడుతుంది. కాగితాలు లేని విద్యార్థులకి ఇదే అన్యాయం ఇంకా ఎక్కువగా జరుగుతుంది. నా కళ్లముందే ఎంతోమంది హెచ్-4 పిల్లలు 21 ఏళ్లు నిండితే ఆ వీసా పోతుందన్న టెన్షన్‌తో కోర్సులు వదిలేశారు. ఏ పట్టికలోనూ ఆ కారణం ఉండదు. ఈ విద్యార్థుల మీద విడిగా ఒక పేజీ రాయండి, అడగకపోయినా రాయండి.

తేడాని కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త. ఊరికే ఉదాహరణకి, 1000 మందిలో 600 మంది ఒకే వర్గం అనుకోండి. వాళ్లలో 390 మంది, మిగతా 400లో 310 మంది పాసయ్యారు. కాలేజీ సగటు 70 శాతం, ఆ వర్గానిది 65. తేడా 5 పాయింట్లే కదా అనిపిస్తుంది. కానీ ఆ సగటులో ఎక్కువమంది వాళ్లే. వాళ్లని తీసేసి మిగతావాళ్లతో పోలిస్తే 77.5కి 65, అంటే తేడా పన్నెండున్నర! రాష్ట్రంలోని కమ్యూనిటీ కాలేజీలన్నిటినీ చూసే ఛాన్సలర్ ఆఫీసు వాడే పర్సంటేజ్ పాయింట్ గ్యాప్ మైనస్ వన్ అనే పద్ధతి ఇందుకే. లాటినో విద్యార్థులు ఎక్కువగా ఉండే మన కాలేజీల్లో ఇది లేకపోతే అసలు సమస్య కనబడదు. పదిమంది కంటే తక్కువున్న వర్గాల అంకెలు మాత్రం బయటపెట్టకండి. రెండు మూడేళ్లవి కలిపి చూడండి.

చివరిగా, కోర్సు కోర్సుకీ పాస్ శాతం చూసి ఆగిపోకండి. 2017లో ఏబీ 705 చట్టం రాకముందు ప్లేస్‌మెంట్ టెస్ట్ రాసి చాలామంది రెమిడియల్ మాథ్స్‌లో (కాలేజీ స్థాయికి ముందు మెట్టు మెట్టుగా చదివించే లెక్కల్లో) పడేవాళ్లు, అందులో నల్లజాతి, లాటినో విద్యార్థులు ఎక్కువ. ఒక్కో మెట్టులో 70 శాతం పాసవుతున్నా, మూడు మెట్లు దాటేసరికి వందలో మిగిలేది 34 మంది. ఆ చట్టంతో నేరుగా ట్రాన్స్‌ఫర్ స్థాయి (యూనివర్సిటీలో చెల్లే) కోర్సులో చేర్చుకోవడం మొదలయ్యాక అన్ని వర్గాల్లోనూ మొదటి ఏడాదిలో ఆ కోర్సు గట్టెక్కేవాళ్లు బాగా పెరిగారు. వర్గాల మధ్య తేడా మాత్రం పోలేదు. చేర్చుకుంటే చాలదు, ఆదుకోవాలి కూడా. న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ వాళ్ల ఏఎస్ఏపీ పథకంలో పుస్తకాలు, మెట్రోకార్డు, వెంట ఉండే అడ్వైజర్ ఇచ్చి చూస్తే మూడేళ్లలో డిగ్రీ పూర్తిచేసినవాళ్లు 22 నుంచి 40 శాతానికి చేరారు. లాటరీ వేసినట్టు విద్యార్థుల్ని రెండు గుంపులు చేసి చేసిన పరీక్ష అది, కొట్టిపారెయ్యడానికి లేదు. మీ అధ్యాపకులకి తేడాల పట్టిక ఒక్కటే ఇస్తే ఆ పిల్లలే అంత అనుకుంటారు, ఇలాంటిది కూడా పక్కన పెట్టి ఇవ్వండి.

రిపోర్ట్ పంపేముందు మీ అంకెల్ని ఛాన్సలర్ ఆఫీసు డేటామార్ట్‌తో (అన్ని కాలేజీల అంకెలూ పెట్టే వాళ్ల వెబ్‌సైట్‌తో) ఒకసారి సరిచూసుకోండి. తేడా వస్తే క్వెరీ తిరగరాసేముందు రెండిటి హారాలూ చూడండి. ఏ కొలత దగ్గరైనా ఆగిపోతే ఇక్కడే అడగండి, చెప్తాను.